బొమ్మ అమ్మడమా, ఓట్లు తెచ్చుకోవడమా: హైవ్, టెజోస్ మీద ఆరేళ్ల అనుభవం

పగలు విజయవాడలో శుభలేఖలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. రాత్రి తొమ్మిది దాటాక టాబ్లెట్ ముందేసుకుని నా కోసం బొమ్మలు వేసుకుంటాను. ఈ రాత్రి బొమ్మల మీద నాలుగు డబ్బులు వస్తాయేమోనని 2019 జనవరిలో స్టీమిట్‌లో ఖాతా తెరిచాను. అది పోస్టుకి పడే ఓట్లను బట్టి క్రిప్టో నాణేలు ఇచ్చే బ్లాగు సైటు, హైవ్ దాన్నుంచి వేరుపడిందే. 2021 ఏప్రిల్‌లో టెజోస్ అనే బ్లాక్‌చైన్ (ఎన్నో కంప్యూటర్లలో ఒకేలా ఉండే లెక్కల పుస్తకం) మీద మొదటి ఎన్‌ఎఫ్‌టీ, అంటే బొమ్మ ప్రతి ఎవరిదో ఆ పుస్తకంలో రాసే టోకెన్, అమ్మకానికి పెట్టాను. ఓట్ల బ్లాగు, బొమ్మల అమ్మకం రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి. "ఏది మేలక్కా?" అని మా షాపులో పిల్లలు అడుగుతుంటారు. డబ్బు బ్లాగు వైపే ఎక్కువ వచ్చింది. అంతమాత్రాన బ్లాగే మేలని చెప్పలేను. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగ్గా చెప్పాలి.

స్టీమిట్ నడిచే స్టీమ్ బ్లాక్‌చైన్ 2016లో మొదలైంది. 2020 ఫిబ్రవరిలో స్టీమిట్ కంపెనీని ట్రాన్ అనే ఇంకో బ్లాక్‌చైన్ అధినేత జస్టిన్ సన్ కొన్నారు. దాని మీద పెద్ద గొడవ జరిగి, వాడేవాళ్లలో చాలామంది మార్చి 20న వేరుపడి హైవ్ పెట్టుకున్నారు. నేనేమీ చేయకుండానే నా పాత పోస్టులు, నా బ్యాలెన్సు అక్కడ కూడా ప్రత్యక్షమయ్యాయి. మామూలుగా ఉమ్మడి కాపురం వేరుపడితే గిన్నెలు పంచుకుంటారు. ఇక్కడ ప్రతి గిన్నెకీ ఇంకో జంట గిన్నె పుట్టింది. నేను హైవ్‌లోనే ఉండిపోయాను.

కొత్తవాళ్లకు అర్థం కానిది ఓటు సంగతి. పోస్టు పెట్టాక ఏడు రోజులపాటు పడిన ఓట్లకే డబ్బు. ఓటేసినవాళ్ల జేబులోంచి మాత్రం పైసా పోదు. రోజూ కొత్తగా పుట్టే హైవ్ నాణేల్లో కొంత ఒక ఉమ్మడి కుండలో పడుతుంది. ఎవరి దగ్గర ఎంత హైవ్ పవర్ (ఖాతాలో కట్టి ఉంచిన హైవ్ నాణేలు) ఉంటే వాళ్ల చేతిలో గరిటె అంత పెద్దది. మన పోస్టుకి వడ్డించినదాంట్లో సగం మనకి, సగం ఓటేసినవాళ్లకి. మన సగాన్ని మళ్లీ రెండు చేసి, ఒక భాగం డాలరుకి ముడిపెట్టిన హెచ్‌బీడీ అనే నాణెంగా, ఇంకో భాగం హైవ్ పవర్‌గా ఇస్తారు. ఆ పవర్‌ని బయటికి తీయాలంటే వారానికో వాయిదా చొప్పున 13 వారాలు పడుతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదనే సామెత ఈ హైవ్ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

నాకు మొదటి ఎనిమిది నెలలూ మనవాడు ఎవరూ లేరు. బొమ్మ పెట్టి కింద రెండు లైన్లు రాసేదాన్ని. పది సెంట్లు, ఇరవై సెంట్లు వచ్చేవి. లెక్క రెండు సెంట్లకు తగ్గితే అసలు చేతికే రాదు, అదీ చూశాను. తెలుగులో రాస్తే చదివేవాళ్లే లేరు. ఇంగ్లిష్‌లో రాసి, కింద తెలుగు కూడా పెట్టడం అలవాటు చేసుకున్నాను.

మార్పు వచ్చింది అంబారీ ఏనుగుతో. మా ఇంట్లో షోకేసులో ఉన్న కొండపల్లి బొమ్మను చూసి వేశాను. ఆసారి ఊరికే బొమ్మ పెట్టకుండా, పెన్సిల్ గీత దగ్గర్నుంచి చివరి నీడ వరకు ఆరు దశలు చూపించాను. కొండపల్లి బొమ్మను పొణికి కర్రతో చెక్కుతారని, ముక్కల్ని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారని రాశాను. పదకొండు డాలర్లు వచ్చాయి. నిజం చెప్పాలంటే అంతకుముందు వారం వేసిన బొమ్మ అంతకన్నా బాగా కుదిరింది, దానికి పదిహేను సెంట్లు. ఓట్లు పడింది మక్కు కథకి. ఆ రోజు నుంచి నేను సగం చిత్రకారిణిని, సగం రచయిత్రిని అయిపోయాను.

దశల ఫొటోలకు ఇంకో కారణం కూడా ఉంది. బొమ్మ మీరే వేశారా, ఎక్కడైనా ఎత్తుకొచ్చారా అని అక్కడ నిక్కచ్చిగా అడుగుతారు. దశలు చూపిస్తే ఆ పేచీ ఉండదు. కొత్తగా చేరేవాళ్లు మొదటి రోజు నుంచే పొరలు (లేయర్లు) విడివిడిగా ఉన్న ఫైలు దాచుకోండి.

ఇక దీనికి అయ్యే కష్టం. పోస్టు రాయడానికి మూడు గంటలు. ఆ పైన పదిమంది పోస్టులు చదివి, నిజంగా చదివినట్టు తెలిసేలా కామెంట్ పెట్టాలి. మా నాన్నగారి ఆపరేషన్ అప్పుడు రెండు నెలలు అటువైపు వెళ్లలేదు. తిరిగొచ్చి పెట్టిన పోస్టుకి నలభై సెంట్లు. బొమ్మలో తేడా లేదు, హాజరుపట్టీలో నా పేరు లేదు, అంతే. మళ్లీ పాత స్థితికి రావడానికి నాలుగు నెలలు పట్టింది.

డౌన్‌వోటు (పోస్టుకి వచ్చే డబ్బు తగ్గించే ఓటు) సంగతి కూడా చెప్పాలి. ఒక పోస్టుకి పద్నాలుగు డాలర్లు చూపిస్తోంది. ఆరో రోజు సాయంత్రం ఒక పెద్ద ఖాతా వచ్చి కింద నొక్కేసింది. మిగిలింది తొంభై సెంట్లు. తప్పేమిటని అడిగితే, తప్పేం లేదు, ఈ పోస్టుకి ఇంత ఎక్కువ అన్నారు. కుండ ఉమ్మడిది కాబట్టి వాళ్లకి ఆ హక్కుంది, తీసేసింది మళ్లీ కుండలోకే పోతుంది. నియమం తెలిసినా ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఎన్‌ఎఫ్‌టీ వైపు ఎందుకు వెళ్లానో మీరే ఊహించగలరు. 2021 మార్చిలో క్రిస్టీస్ వేలంలో బీపుల్ అనే చిత్రకారుడి ఎన్‌ఎఫ్‌టీ 69 మిలియన్ డాలర్లు పలికింది. ఆ నెలంతా నాకు నిద్ర లేదు. ఎథీరియం అనే ఇంకో బ్లాక్‌చైన్‌లో పెడదామని చూస్తే గ్యాస్ ఫీజే (అందులో నమోదు చేసేందుకు కట్టేది) డెబ్బై డాలర్లు చూపించింది, బొమ్మ పెట్టకుండానే బయటికొచ్చేశాను. టెజోస్‌లో ఆ ఖర్చు చాలా తక్కువ. అప్పుడు అక్కడ హిక్ ఎట్ నంక్ అనే సైటుకి మంచి పేరు. పది ప్రతులు, ఒక్కోటి రెండు టెజ్‌లకు (టెజోస్ నాణేలు) పెట్టాను. 26 రోజులు ఎవరూ ముట్టుకోలేదు. 27వ రోజు ఒక ప్రతి అమ్ముడైంది. అప్పటి రేటులో పది డాలర్ల పైన. ఆనందం పట్టలేక మా అమ్మను నిద్ర లేపాను.

ఆ సైటు ఆ ఏడాది నవంబరులోనే మూతపడింది. నా బొమ్మలు పోయాయనుకున్నాను. టోకెన్లు బ్లాక్‌చైన్ మీద, బొమ్మల ఫైళ్లు ఐపీఎఫ్‌ఎస్ అనే, ఏ ఒక్క సైటుదీ కాని ఉమ్మడి నిల్వలో ఉండటంతో వేరే సైట్లలో యథాతథంగా కనిపించాయి. ఈ సాంకేతికత మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే. రేటు సంగతి వేరు. 2023 అక్టోబరులో అవే రెండు టెజ్‌లు రెండు డాలర్లు కూడా చేయలేదు. హైవ్ కూడా తక్కువేం తినలేదు. 2021 నవంబరులో రెండు డాలర్లు దాటిన నాణెం 2023 మధ్యకి అర డాలరు లోపే.

అమ్మకం వైపు నాకు నచ్చనిది ప్రచారం. బొమ్మ పెట్టి కూర్చుంటే కుదరదు, ట్విట్టర్‌లో రోజూ "చూడండి, చూడండి" అని అరవాలి. బొమ్మ మళ్లీ చేతులు మారినప్పుడు వచ్చే రాయల్టీ మీద పెద్ద ఆశ పెట్టుకున్నాను, ఇన్నేళ్లలో రెండుసార్లే వచ్చింది. 2023లో ఓపెన్‌సీ అనే పెద్ద ఎన్‌ఎఫ్‌టీ మార్కెట్ కూడా రాయల్టీ తప్పనిసరి కాదనేసింది. ఇవి చాలవన్నట్టు నా అంబారీ ఏనుగును ఎవరో ఇంకో మార్కెట్‌లో తమ బొమ్మగా పెట్టి అమ్మేశారు. ఫిర్యాదు చేశాక తీయడానికి పందొమ్మిది రోజులు పట్టింది.

ఇంత చెప్పి అమ్మకాన్ని ఎందుకు మానలేదంటే, కారకాస్ నుంచి ఒకావిడ. హైవ్‌లో వెనెజులా వాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలో కొందరికి అక్కడొచ్చే నాలుగైదు డాలర్లే వారం సరుకులు. ఈవిడ ఏడాదిపాటు నా ప్రతి పోస్టుకీ ఓటేసింది. ఆవిడ ఓటు విలువ ఒక సెంటు కూడా ఉండదు. 2022లో నా ఏనుగు ప్రతి ఒకటి మూడు టెజ్‌లు పెట్టి కొంది. "అమీగా (స్నేహితురాలా), మా అమ్మమ్మ ఇంట్లో చెక్క గుర్రం ఉండేది" అని రాసింది. ఓటు వేయడానికి తనకేమీ ఖర్చు కాలేదు. కొనడానికి మాత్రం ఏదో మానుకుని ఉంటుంది. ఆ మూడు టెజ్‌లు నేను ఇంతవరకు వాలెట్‌లోంచి కదపలేదు.

తర్వాత కూర్చుని లెక్క చూసుకున్నాను. 61 బొమ్మలు అమ్మకానికి పెడితే ఒక్క ప్రతైనా పోయినవి 23. అందులో 14 కొన్నది నా పోస్టుల కింద ముందునుంచీ మాట్లాడేవాళ్లే, వాళ్లే వచ్చి చెప్పారు. ట్విట్టర్ అరుపులతో వచ్చిన కొనుగోలుదారు నాకు తెలిసి ఒక్కరూ లేరు.

డబ్బు లెక్క: అమ్మకాల మీద దాదాపు 410 డాలర్లు. సుమారు 340 పోస్టుల మీద, వచ్చిన రోజు రేటు ప్రకారం, 1,180 డాలర్లు. పోస్టుకి మూడు గంటలు వేసుకుంటే గంటకి వంద రూపాయలు, కామెంట్ల టైమ్ కలిపితే అదీ లేదు. శుభలేఖ లేఅవుట్‌కి ఇంతకన్నా ఎక్కువే ఇస్తారు. పైగా హైవ్ పవర్‌గా ఉంచిన భాగం విలువ ఇప్పుడు బాగా కరిగిపోయింది.

పన్ను విషయంలో ఒక మాట. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి డిజిటల్ ఆస్తుల అమ్మకం లాభం మీద 30 శాతం పన్ను, ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలో సర్దుకోనివ్వరు. ఓట్ల డబ్బు ఏ పద్దు కింద రాయాలో ఆలోచించడానికి మా ఆడిటర్‌గారికి రెండు టీలు పట్టాయి. వచ్చిన ప్రతి రోజూ రేటు నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి, తర్వాత వెతకలేరు. పాస్‌వర్డ్ కూడా కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. బ్యాంకులోలా మర్చిపోయానంటే మార్చి ఇచ్చే కౌంటర్ ఉండదు.

రాయడం ఇష్టం లేనివాళ్లు, రోజూ మాట కలపలేనివాళ్లు హైవ్‌లో నీరసపడిపోతారు. అమ్మకంతోనే మొదలుపెట్టేవాళ్లు కూడా నాలాగే 27వ రోజు కోసం ఎదురుచూడాలి, అది రాకపోవచ్చు కూడా. నేనిప్పుడు ఆదివారం ఒక్క పోస్టు పెడుతున్నాను, రోజూ అరగంట కామెంట్లు. కింద ఎవరైనా "ఇది కొనొచ్చా?" అని అడిగితేనే ఆ బొమ్మను టెజోస్‌లో పెడుతున్నాను. ఈ వారం తాటిచెట్టు మీద గీతకార్మికుడు సగంలో ఉన్నాడు. కల్లుకుండ రంగు ఇంకా కుదరలేదు.