డాక్టర్ నో: ఓపికే ప్రాణమైన గూఢచారి చిత్రం

జేమ్స్ బాండ్ చిత్రాల పరంపరకు 1962 అక్టోబరులో లండన్‌లో విడుదలైన ‘డాక్టర్ నో’తోనే శ్రీకారం చుట్టారు. ఈ మధ్య వచ్చిన బాండ్ చిత్రాలను మాత్రమే చూసిన మన కోనసీమ కుర్రకారు దీన్ని తప్పకుండా చూడాలని నా కోరిక. భారీ పేలుళ్లు ఆఖరి ఘట్టానికే పరిమితమైన ఈ చిత్రంలో మనల్ని కూర్చోబెట్టేది పరిశోధన, అందులోని ఓపిక.

జమైకాలో బ్రిటిష్ గూఢచారి ఒకరు మాయమవడంతో కారణం తెలుసుకోవడానికి బాండ్ అక్కడికి వెళతాడు. హోటల్ గది విడిచి వెళ్లేముందు తల నుంచి ఒక వెంట్రుక పీకి, ఉమ్మితో తడిపి, బీరువా తలుపులకు అడ్డంగా అంటిస్తాడు. పెట్టె తాళాల మీద పౌడరు చల్లుతాడు. తాను లేనప్పుడు గదిలోకి ఎవరైనా వచ్చారో లేదో పసిగట్టడానికి అతనికి అంతకుమించిన యంత్రాలేవీ అక్కర్లేదు. దర్శకుడు టెరెన్స్ యంగ్ దీన్నంతా ఒక్క మాట కూడా లేకుండా చూపించగా, బాండ్‌గా వేసిన షాన్ కానరీ రోజూ చేసే పనిలాగే చేసుకుపోతాడు. ఆ తీరులోనే పాత్ర మొత్తం మనకు అర్థమైపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చినది, ప్రతినాయకుడు డాక్టర్ నో దగ్గరికి అతని మనిషి ప్రొఫెసర్ డెంట్ వచ్చినప్పుడు కనిపించే గది. దాదాపు ఖాళీగా ఉన్న ఆ గదిలో ఒక కుర్చీ, పైకప్పులో పెద్ద గుండ్రటి జాలీ, దాని గుండా పడే వెలుగునీడలు, ఎక్కడినుంచో వినిపించే గొంతు ఉంటాయి. తక్కువ ఖర్చుతో కళాదర్శకుడు కెన్ ఆడమ్ కల్పించిన ఆ భయం వల్ల, చివరి భాగం దాకా కనబడని ప్రతినాయకుడు అప్పటికే మన మనసులో తిష్ఠ వేసుకుంటాడు.

డాక్టర్ నో స్థావరమైన క్రాబ్ కీ దీవి దగ్గరికి వచ్చేసరికి, కోరంగి మడ అడవుల్లో పడవ మీద తిరిగినవారికి ఆ నీళ్లూ రెల్లూ పరాయివిగా అనిపించవు. కాపలావాళ్ల కంట పడకుండా నీటిలో మునిగి, రెల్లు గొట్టాలతో ఊపిరి పీల్చుకునే ఘట్టం చాలా సహజంగా వచ్చింది. మంటలు కక్కే ‘డ్రాగన్’ బండి మాత్రం తేలిపోయింది.

నొచ్చుకునే విషయాలూ ఉన్నాయి. చైనా మూలాలున్న ముఖ్య పాత్రలను తెల్లజాతి నటులతో వేయించారు. పైగా, ప్రాణాలకు తెగించి వెంట వచ్చిన నల్లజాతీయుడు క్వారెల్‌ను బాండ్ తన బూట్లు తెచ్చిపెట్టమంటాడు. ఆ ఏడాది ఆగస్టులోనే జమైకా స్వాతంత్ర్యం పొందిందని గుర్తుంచుకుంటే, అదే బ్రిటిష్ పాలన కింద నలిగిన దేశంవాళ్లుగా మనకు ఆ మాట మరింత గుచ్చుకుంటుంది.

మాంటీ నార్మన్ కూర్చగా జాన్ బ్యారీ వాద్యాలతో తీర్చిదిద్దిన బాండ్ బాణీ ఈ చిత్రంతోనే మొదలైంది కనుక, వీలైతే మంచి స్పీకర్లు పెట్టుకుని చూడండి. 1966లో వచ్చిన కృష్ణ ‘గూఢచారి 116’ను ఈనాటికీ ముచ్చటించుకునే పెద్దలు ఇంట్లో ఉంటే వారినీ పక్కన కూర్చోబెట్టుకోండి, మన తెరమీది గూఢచారికి ఈ బాండ్ నుంచి ఏం అబ్బిందో వారే చెప్పగలరు.