క్యాంపర్ వ్యాన్ నీళ్ల ట్యాంకుకి తాళం: వైజాగ్ ఉప్పుగాలిలో వాడి చూశాక

నీళ్ల ట్యాంకుకి తాళం మూత పెట్టించుకోవడం దండగ కాదు. కానీ మూతతోపాటు వచ్చే తాళాన్ని నమ్ముకోవద్దు. పైన తాళం వేసి, బండి కింద ట్యాంకు ఖాళీ చేయడానికి ఉండే డ్రెయిన్ వాల్వ్‌ని గాలికి వదిలేయొద్దు. కొన్నేళ్లుగా వాడుతున్నాక నాకు తేలింది ఇదే. మిగతాది తీరిక ఉన్నవాళ్ల కోసం.

మాది టెంపో ట్రావెలర్ మీద కట్టించుకున్న క్యాంపర్ వ్యాన్, అంటే లోపలే వండుకుని పడుకునే బండి. సీటు కింద వంద లీటర్ల ఫుడ్ గ్రేడ్ ట్యాంకు, పన్నెండు వోల్టుల పంపు, సింకు, వెనకాల బయటికి ఒక షవరు ఉన్నాయి. నీళ్లు పోసే మూత డీజిల్ మూత ఉన్న వైపే ఉంది. ఎక్కువగా తిరిగేది రుషికొండ, భీమిలి బీచ్ రోడ్డు, చలికాలంలో అరకు. అమెరికాలోలాగా కుళాయి, కరెంటు అన్నీ బిగించి ఇచ్చే క్యాంపు స్థలాలు మనకి దాదాపు లేవు కాబట్టి రోడ్డు పక్కనో, పార్కింగ్‌లోనో, ఎవరో తెలిసినవాళ్ల తోటలోనో ఆపుకోవాలి. అంటే బండి రాత్రంతా నలుగురి మధ్య నిలబడి ఉంటుంది.

నీళ్లలో ఎవరో విషం కలిపేస్తారని భయపడి నేను ఈ పనిలోకి దిగలేదు. మనవాళ్లకి కుతూహలం ఎక్కువ, అంతే. గుండ్రటి మూత కనిపిస్తే పిల్లలు తిప్పి చూస్తారు, గులకరాళ్లు వేస్తారు, గుట్కా ప్యాకెట్ దూరుస్తారు. అంతకంటే నిజమైన ప్రమాదం పెట్రోల్ బంకులో ఉంది. బంకు కుర్రాడికి బండి పక్కన మూత కనిపించిందంటే అది డీజిల్ మూతే. బీఎస్-6 డీజిల్ బండ్లలో చాలావాటికి డీఈఎఫ్ (పొగలోని కాలుష్యం తగ్గించే ద్రవం) పోసే నీలం మూత ఇంకోటి కూడా ఉంటుంది. మా నీళ్ల మూత రంగూ నీలమే! ఒకసారి నాజిల్ పట్టుకుని అతను మా నీళ్ల మూత దాకా వచ్చేశాడు. తాళం ఉంది కాబట్టి "తాళం చెవి ఇవ్వండి సార్" అని అడిగాడు, బతికిపోయాం. ట్యాంకులో డీజిల్ పడితే కడిగేస్తే పోయేది కాదు. ప్లాస్టిక్ గొట్టాలు, పంపులోని రబ్బరు ఆ వాసన పీల్చుకుంటాయి. చాలాసార్లు లైను మొత్తం మార్చాల్సి వస్తుంది. ఈ ఒక్క కారణం చాలు, తాళం పెట్టించుకోవడానికి.

మరో సంగతి. బాడీ కట్టినాయన మూత పక్కన అందంగా "మంచినీళ్లు" అని రాయించాడు. అది చూసి బాటిల్ పట్టుకుని వచ్చి అడిగినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు దాని మీద "డీజిల్ కాదు" అన్న స్టిక్కర్ ఉంది. అడిగేవాళ్లు తగ్గారు.

ఇక తాళం గురించి. ఆన్‌లైన్‌లో తెప్పించిన మూతకి రెండు చెవులు వచ్చాయి, రెండింటి మీదా సీహెచ్ 751 అని ఉంది. అమెరికాలో ఆర్వీల (మన క్యాంపర్ వ్యాన్ లాంటి బండ్ల) అరలకి, మూతలకి చాలా కంపెనీలు ఏళ్ల తరబడి వేస్తున్నది ఈ చెవే. అన్నింటికీ ఒకటే కోత. అక్కడ ఒక ఆర్వీ చెవి పక్క ఆర్వీ అరకి పట్టడం మామూలే. విడిగా కూడా అమ్ముతారు. మన ఊళ్లో ఆ చెవి జేబులో పెట్టుకు తిరిగేవాళ్లు అరుదనుకోండి. అయినా అందరి దగ్గరా ఉండే చెవితో వేసిన దాన్ని తాళం అనబుద్ధి కాలేదు. లోపలి క్యామ్ లాక్ (చెవి తిప్పితే వెనకాల నాలుక తిరిగి పట్టే తాళం) విప్పి, గొట్టం ఆకారంలో గుండ్రటి చెవి ఉండేది వేయించాను. మీరూ మార్చాలనుకుంటే పాత తాళాన్ని విప్పి, చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లండి. రంధ్రం వ్యాసం, మూత మందం, వెనకాల తిరిగే నాలుక పొడవు, ఈ మూడూ కుదరాలి. నాలుక కొంచెం పొట్టిదైనా మూత వదులుగా ఊగుతుంది, గతుకుల రోడ్డు మీద టకటకా కొట్టుకుంటుంది. ఖర్చు కొన్ని వందలు, పని పావుగంట.

చెవి మార్చినంత మాత్రాన అయిపోలేదు. మన ఊళ్లో తాళానికి అసలు శత్రువు దొంగ కాదు, సముద్రం. మొదట వేసింది జింక్ మిశ్రమం మీద క్రోమ్ పూతది. బీచ్ రోడ్డు గాలికి ఆ పూత పొక్కులు లేచింది, లోపల తెల్లటి పొడి పేరుకుంది, చెవి సగం తిరిగి ఆగిపోయేది. తర్వాత 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుది వేయించాను. దాని మీదా గోధుమరంగు మరకలు వచ్చాయి గానీ తిరగడం మాత్రం ఆగలేదు. పడవల సామాన్లలో వాడే 316 రకం దొరికితే ఇంకా మేలు. చెవి రంధ్రం మీద రబ్బరు మూత ఉన్నదే తీసుకోండి, లేకపోతే ఇసక లోపలికి పోతుంది. బీచ్ నుంచి ఇంటికి రాగానే బండితోపాటు తాళం మీద కూడా ఒక మగ్గు మంచినీళ్లు పోయడం మా ఇంట్లో అలవాటైపోయింది. తుప్పు వదిలించే స్ప్రే మాత్రం అక్కడ కొట్టొద్దు. ఆ నూనె మూత అంచు నుంచి ట్యాంకులోకే కారుతుంది. తాళానికి పొడి గ్రాఫైట్, రబ్బరు వాషర్‌కి ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు వాడుతున్నాను.

తాళం గట్టిదైనా తలుపు బలహీనమే. మూత ఏబీఎస్ ప్లాస్టిక్. మన ఎండకి రంగు వెలిసి, కీలు దగ్గర పెళుసు బారింది. కావాలనుకున్నవాడు స్క్రూడ్రైవర్‌తో లేపేయగలడు. కాబట్టి ఇది ఆకతాయిని ఆపుతుంది, పంతం పట్టినవాణ్ణి ఆపదు. అందుకే తాళంతోపాటు నంబరున్న ప్లాస్టిక్ సీలు వేస్తున్నాను, కరెంటు మీటర్లకీ లారీ తలుపులకీ వేస్తారే, అలాంటిది. నంబరు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటాను. సీలు దేన్నీ ఆపదు, ఎవరైనా తెరిస్తే మనకి తెలుస్తుంది. నాకు తాళం కంటే ఇదే ఎక్కువ నిశ్చింత ఇచ్చింది. ధర కూడా అతి తక్కువ.

డ్రెయిన్ వాల్వ్ దగ్గరికి వద్దాం. దీని గురించి తాళాలమ్మేవాళ్లు మాట్లాడరు. చాలా బండ్లలో ట్యాంకు ఖాళీ చేసే బాల్ వాల్వ్ బండి కింద, చేతికందే ఎత్తులో, ఎర్ర పిడితో వేలాడుతూ ఉంటుంది. రుషికొండలో స్నానం చేసి వచ్చినవాళ్లకి అది దేవుడిచ్చిన కుళాయి. ఒకసారి అలా తిప్పుకున్నవాళ్లని అడిగితే, "ఉప్పునీళ్లండీ బాబూ, చంటోడి కాళ్లకి ఇసకుంటే కడిగేం" అన్నారు. చంటోడి కాళ్లు కడిగినందుకు ఏమంటాం! కాకపోతే వాల్వ్ సగమే కట్టేసి వెళ్లారు, ట్యాంకు ఖాళీ అయింది. దీనికి ఏ తాళమూ కొననక్కర్లేదు. పిడి పట్టి ఉంచే నట్టు విప్పి, పిడిని డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి. స్పానర్ లేకుండా ఆ వాల్వ్ తిరగదు. చివర టెఫ్లాన్ టేపు చుట్టి ఒక ఇత్తడి ఎండ్ క్యాప్ బిగిస్తే ఇంకా గట్టి. బయటి షవర్ అరకి మాత్రం తాళం వేయాలి. బండి దిగేటప్పుడు పంపు స్విచ్ ఆపేస్తే షవర్ తిప్పినా నీళ్లు రావు, ఖాళీ పంపు తిరిగి బ్యాటరీ దిగిపోదు.

గాలి గొట్టాన్ని మాత్రం ఎవరూ మూసేయకండి. పంపు నీళ్లు లాగేటప్పుడు ట్యాంకులోకి గాలి రావాలి, నింపేటప్పుడు పోవాలి. దాని మూతికి సన్నటి స్టీలు జల్లెడ చుట్టి క్లిప్ వేస్తే బొద్దింకలు, బల్లులు దూరవు.

సీలు తెగి కనిపిస్తే నేను ఆ నీళ్లని రుచి చూడను, మొత్తం వదిలేస్తాను. టీడీఎస్ మీటర్ పెట్టి "బాగానే ఉన్నాయి" అనుకునేవాళ్లని చూశాను. అది కరిగిన లవణాల లెక్క చూపిస్తుంది, క్రిముల్నీ డీజిల్‌నీ కాదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, రసాయనాలు పోవు. వాసన గానీ జిడ్డు గానీ లేకపోతే ట్యాంకుని క్లోరిన్‌తో కడుగుతాను. సువాసన, సబ్బు కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ వంద లీటర్లకి వంద మిల్లీలీటర్లు వేస్తే సుమారు 50 పీపీఎం, అంటే లీటరుకి 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అవుతుంది. ప్రతి కుళాయిలో ఆ వాసన వచ్చేదాకా వదిలి, నాలుగు గంటలు ఉంచి, ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. కార్బన్ ఫిల్టర్ ఉంటే ముందే తీసి పక్కన పెట్టండి, లేకపోతే క్లోరిన్ అంతా అదే పీల్చేసుకుంటుంది. జిడ్డు కనిపిస్తే మాత్రం ఇంట్లో చేసే పని కాదు. ఎలాగూ మేం తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను బండి లోపల విడిగా పెట్టుకుంటాం. ట్యాంకు నీళ్లు గిన్నెలకీ స్నానానికీ.

మార్కులు వేయాలంటే: సీలుకి అయిదుకి అయిదు, పిడి విప్పేయడానికీ అంతే, స్టీలు తాళానికి నాలుగు, ప్లాస్టిక్ మూతకి రెండు. ఇంకా బండి కట్టించనివాళ్లకి మాత్రం ఇవేవీ కొనమని చెప్పను. నీళ్లు పోసే మూతని వెనక డోరు లోపలికి, డ్రెయిన్ వాల్వ్‌ని సీటు కింద అరలోకి పెట్టమని కట్టేవాళ్లకి ముందే చెప్పండి. డోరుకున్న తాళమే అన్నింటికీ సరిపోతుంది. నింపేటప్పుడు నాలుగు చుక్కలు లోపల చిందుతాయి, కింద ఒక ట్రే పెట్టించుకోండి.