జిల్లా–మండలం డ్రాప్‌డౌన్: రియాక్ట్‌లోనా, సర్వర్ నుంచా?

జిల్లా ఎంచుకోగానే కింద మండలాలు మారాలి. చూడ్డానికి చిన్న పనే. కానీ అదే ముక్కని నాలుగు అప్లికేషన్లలో వాడాలంటే, దాన్ని ఎక్కడ కట్టామన్నది చాలా తేడా తెస్తుంది.

మేం మొదట రియాక్ట్ (బ్రౌజర్‌లో పేజీని కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) కాంపొనెంట్‌గా, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే ముక్కగా రాశాం. జిల్లాల జాబితా కూడా అందులోనే పెట్టి ఎన్‌పీఎం ప్యాకేజీ (వేరే అప్లికేషన్లు దించుకుని వాడుకునే కోడ్ కట్ట) చేశాం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ప్యాకేజీ వెర్షన్ పెంచి నాలుగింటినీ మళ్లీ బిల్డ్ చేయాలి. మూడు చేశాం, ఒకటి పాత వెర్షన్‌లోనే ఉండిపోయింది. అందులో, కొత్త జిల్లాలోకి వెళ్లిన పార్వతీపురం వాళ్లకి విజయనగరం జిల్లా తప్ప వేరే దారి లేదు, సర్వర్ ఏమో ఆ ఫారాన్ని తిప్పి పంపేస్తోంది. తప్పు వాళ్లది కాదు, మాది.

జాబితాని ఏపీఐ నుంచి, అంటే సర్వర్‌ని అప్పటికప్పుడు అడిగి తెచ్చుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అదీ చేశాం. ఒకరు గుంటూరు నొక్కి, వెంటనే పల్నాడుకి మార్చారు. నెట్ నెమ్మదిగా ఉంది, గుంటూరు జవాబు ఆలస్యంగా వచ్చి రెండోదాని మీద పడింది. పల్నాడు కింద తెనాలి! పాత రిక్వెస్ట్‌ని బ్రౌజర్‌లో ఉండే అబార్ట్‌కంట్రోలర్‌తో రద్దు చేసే కోడ్ రాశాకే కుదుటపడింది. మండలం ఆ జిల్లాదేనా అన్న చెక్ మాత్రం బ్రౌజర్‌లో ఒకసారి, సర్వర్‌లో ఇంకోసారి రాయక తప్పలేదు.

సర్వర్ పంపిన ముక్కని పేజీలో పెట్టే చిన్న లైబ్రరీ హెచ్‌టీఎంఎక్స్‌లో దారి వేరు. జిల్లా మారగానే సర్వర్ మండలాల హెచ్‌టీఎంఎల్ ముక్కనే పంపుతుంది. జాబితా, చెక్, తప్పు మెసేజ్ అన్నీ ఒకేచోట ఉంటాయి. పాత రిక్వెస్ట్‌ని ఆపడానికి హెచ్‌ఎక్స్-సింక్ అనే ఒక్క యాట్రిబ్యూట్ చాలు. అయితే ఒక చిక్కుంది: జాంగో (పైథాన్ ఫ్రేమ్‌వర్క్) టెంప్లేట్‌ని స్ప్రింగ్ (జావా ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్‌లో వాడలేం. అందుకే పంచుకోవాల్సింది ప్యాకేజీని కాదు, యూఆర్‌ఎల్‌ని. హెచ్‌టీఎంఎక్స్ రెండో వెర్షన్ నుంచి వేరే డొమైన్‌కి రిక్వెస్ట్ మామూలుగా వెళ్లదు కాబట్టి, ప్రతి అప్లికేషన్ ముందూ రివర్స్ ప్రాక్సీలో (రిక్వెస్ట్‌లని అందుకుని సరైన సర్వర్‌కి పంపేది) ఆ దారి కలపాలి.

మూడో దారి వెబ్ కాంపొనెంట్లు, అంటే మనమే తయారుచేసుకునే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లు. ఇవి ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనైనా పనిచేస్తాయి, 2024 డిసెంబర్‌లో వచ్చిన రియాక్ట్ 19 కూడా వాటిని పూర్తిగా ఒప్పుకుంది. కానీ షాడో డామ్‌లో (మిగతా పేజీ నుంచి వేరుగా ఉంచే లోపలి భాగం) పెట్టిన డ్రాప్‌డౌన్ విలువ బయటి ఫారంతో పాటు దానంతట అది వెళ్లదు, ఎలిమెంట్ ఇంటర్నల్స్ అనే బ్రౌజర్ సదుపాయంతో మనమే కలపాలి. పైగా డేటా ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

మ్యాప్ మీద హద్దులు గీయాలన్నా, సిగ్నల్ లేని ఊళ్లో సర్వే ఫారం నింపాలన్నా నేను రియాక్ట్‌కే ఓటేస్తాను. మామూలు ఫారాలకి మాత్రం సర్వర్ పంపే ముక్కే మేలు. ఇప్పుడు కొత్తగా కడితే డ్రాప్‌డౌన్ కంటే ముందు ఒక టెస్ట్ రాస్తాను: జిల్లా గుంటూరు, మండలం నరసరావుపేట (ఇప్పుడు పల్నాడులో ఉంది) అని వస్తే సర్వర్ ఏం జవాబిస్తుంది?