తిరుపతి నుంచి చిత్తూరుకి ఏడేళ్ల పైమాట: నాలుగేళ్లు కారు, ఆ తర్వాత బస్సు

తిరుపతి కొర్లగుంటలో ఇల్లు, చిత్తూరులో ఆఫీసు. మధ్యలో 70 కిలోమీటర్లు. 2018 జూన్ నుంచి ఈ దారిలో తిరుగుతున్నాను. మొదటి నాలుగేళ్లు కారులో, అప్పటినుంచి ఇప్పటిదాకా బస్సులో. చిత్తూరుకి పోస్టింగు పడిన ప్రతివాళ్లూ నాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అక్కా, కారు పెట్టుకుంటే మేలా, బస్సు సరిపోతాదా?" ఒక్కొక్కరికీ అరగంట చెప్పే బదులు అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

కారు రోజులు బాగానే గడిచాయి, దాచడం ఎందుకు. ముగ్గురం కలిసి పోయేవాళ్లం. మాది చిన్న పెట్రోలు బండి, లీటరుకి 17 కిలోమీటర్లు ఇస్తుంది. పోనూ రానూ 8 లీటర్ల పైన, ముగ్గురం పంచుకునేవాళ్లం. మొదట్లో రోడ్డు వెడల్పు పనులు, ఎక్కడ చూసినా దుమ్ము, మళ్లింపులు. ఆరు వరుసలు పూర్తయ్యాక మాత్రం అలాంటి రోడ్డు మీద బండి నడపడం నిజంగా సుఖం. కరోనా ఏడాది ఆ కారే లేకపోతే నేను ఉద్యోగానికి పోయేదాన్నే కాదు.

2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. నాతో వచ్చే ఇద్దరికీ తిరుపతిలోనే సీట్లు పడ్డాయి. వాళ్లకి పది నిమిషాల్లో ఆఫీసు. నేను చిత్తూరులోనే మిగిలాను. పెట్రోలు లీటరు 110 రూపాయల దగ్గర ఉంది. నెలకి 24 రోజులు లెక్కేస్తే పెట్రోలుకే 21,000 దాటింది. గాదంకి టోల్ వేరే, సర్వీసింగు వేరే, ఏడాదికోసారి టైర్లు వేరే. అయినా ఆ డబ్బు కోసమే నేను కారు మానలేదు.

అదే ఏడాది జూలైలో, ఆడిట్ జరుగుతున్న వారం, ఆఫీసు వదిలేసరికి రాత్రి ఏడున్నర. పూతలపట్టు దగ్గర తిరుపతి రోడ్డు పట్టాక బండ్లు పలచబడ్డాయి. ఏసీ వేసి ఉంది, పక్క సీట్లో మాట్లాడే మనిషి లేరు. ఉన్నట్టుండి చక్రాల కింద గరగరమని శబ్దం వినబడింది. కళ్లు తెరిచి చూస్తే ఎడమ చక్రాలు రోడ్డంచు కంకర మీద ఉన్నాయి, ముందు ఆగి ఉన్న లారీ వెనక ఎర్రని రేడియం స్టిక్కర్లు మెరుస్తున్నాయి. కళ్లు ఎంతసేపు మూతపడ్డాయో ఈరోజుకీ చెప్పలేను. స్టీరింగు తిప్పాను, తప్పింది. కాస్త దూరం పోయి పక్కకి ఆపి, సీసాలో నీళ్లు మొహాన కొట్టుకున్నాను. చేతులు వణుకుతుంటే మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన కారణం అడగలేదు. "ఆడ్నే ఉండు, కదలబాకు, నేనొస్తాండా" అన్నారు. గాదంకి దాకా బస్సులో వచ్చి, కారు ఆయనే నడిపి ఇంటికి చేర్చారు. మర్నాడు పొద్దున నేను బస్టాండుకి పోయాను.

రోజంతా పనిచేసిన మనిషి సాయంత్రం 70 కిలోమీటర్లు ఒంటరిగా బండి నడపకూడదు. నాకు ఈ దారి నేర్పింది ఇదే. మైలేజీ, టోల్, సమయం అన్నీ దీని తర్వాతే లెక్కకొస్తాయి.

ఇక బస్సు సంగతి. నాకు బాగా నప్పింది నాన్‌స్టాప్. టికెట్టు ముందే కొట్టేస్తారు, మధ్యలో ఎక్కేవాళ్లు దిగేవాళ్లు ఉండరు. బస్టాండు నుంచి బస్టాండుకి గంటన్నర. కారులో ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గేటు దాకా గంటా నలభై నిమిషాలు పట్టేది, బస్సులో రెండు గంటల పది నిమిషాలు పడుతోంది. రోజుకి గంట ఎక్కువ. ఖర్చు పెట్రోలు లెక్కలో మూడో వంతు లోపే. ఆ గంటన్నరలో డిపార్ట్‌మెంటల్ టెస్టు పేపర్లు రెండూ చదివి పాసయ్యాను. నిద్ర వస్తే భయం లేకుండా నిద్రపోతాను. గాదంకిలో దేశానికే పేరు తెచ్చిన వాతావరణ పరిశోధన రాడార్ కేంద్రం ఉంది. నాలుగేళ్లు దాని పక్కనుంచే కారు నడిపాను, ఒక్కసారీ అటు తల తిప్పే తీరిక లేదు. చలికాలం పొద్దున ఎడం చేతి పక్క కిటికీ సీటు దొరికితే కొండల మీద మంచు విడిపోవడం చూస్తూ పోవచ్చు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి చార్జీ లేదు. నాన్‌స్టాప్‌కి మాత్రం వర్తించదు. కొత్తలో రోజూ ఒక మాట వినబడేది. పెద్దామె ఒకరు సంచీ భుజాన వేసుకుని, ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని నాన్‌స్టాప్ మెట్టెక్కుతారు. "అమ్మా, ఇది నాన్‌స్టాప్. దీంట్లో ఫ్రీ లేదు తల్లీ, ఆ పక్కన ఎక్స్‌ప్రెస్ ఎక్కు" అంటాడు కండక్టరు. "అట్నా నాయనా, అదెప్పుడు పోతాది?" అని దిగిపోతారు.

నేను రెండూ వాడుతున్నాను. పొద్దున నాన్‌స్టాప్‌లో డబ్బు పెట్టి కూర్చుంటాను, ఎందుకంటే తొమ్మిదిన్నరకల్లా సీట్లో ఉండాలి. సాయంత్రం తొందర లేకపోతే ఎక్స్‌ప్రెస్. దాంట్లో గంటా నలభై అయిదు నిమిషాలు, ఒక్కోసారి రెండు గంటలు. చంద్రగిరి దాకా నిలబడాల్సిన రోజులు వారానికి రెండైనా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్స్‌ప్రెస్‌ని నమ్ముకోవద్దని స్పష్టంగా చెబుతున్నాను. కానీ ఆ రద్దీ మీద నాకు కోపం లేదు. మా ఆఫీసులో ఊడ్చే ఆమె పాకాల దగ్గర ఊరి నుంచి వస్తుంది. జీతంలో సగం చార్జీలకే పోయేదని ఏడ్చేది. ఇప్పుడా డబ్బు కూతురు చదువుకి పోతోంది. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆస్పత్రులకి మందుల కోసం పోయే ముసలివాళ్లు ఎంతమంది ఎక్కుతున్నారో నా కళ్లతో చూస్తున్నాను. ఆ బస్సులో నేను నిలబడాల్సి వస్తే నిలబడతాను. బస్సులు పెంచాలని మాత్రం అడుగుతాను, అందరం అడగాలి.

అసలు చిక్కు హైవే మీద లేదు. తిరుపతి బస్టాండులో దిగాక మా ఇంటికి మూడు కిలోమీటర్లు, ఆ మూడే నన్ను మొదటి ఆర్నెల్లు ఏడిపించాయి. రాత్రి ఎనిమిదిన్నరకి దిగితే ఆటో అతను నన్ను యాత్రికురాలు అనుకుంటాడు. "అలిపిరికా మేడమ్?" అంటాడు. కొర్లగుంట అనగానే మొహం తిప్పుకుంటాడు, లేకపోతే 70 కిలోమీటర్ల బస్సు చార్జీతో సమానంగా అడుగుతాడు. ఒక వానరోజు ఒప్పుకున్న రేటు దారి మధ్యలో పెంచి, ఇవ్వనంటే లీలామహల్ సెంటర్లో దింపేసి పోయాడు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మోకాలి దాకా నీళ్లలో ఇల్లు చేరాను. మర్నాడే స్కూటీ బయటికి తీశాను. ఇప్పుడు బస్టాండు దగ్గర స్టాండులో నెలవారీ పెడుతున్నాను. 2023లో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మొత్తం తెరిచాక పైనుంచి పోతే లీలామహల్ సిగ్నలు బాధ కూడా లేదు. ఎవరైనా బస్సుకి మారాలనుకుంటే ముందు ఈ చివరి మూడు కిలోమీటర్ల ఏర్పాటు చూసుకోండి. బస్సు బాగాలేదని వారం తిరక్కుండానే కారుకి మళ్లిన ముగ్గురు నాకు తెలుసు. ముగ్గురూ విసిగిపోయింది ఆటోల దగ్గరే. చిత్తూరులో నాకు ఆ బాధ లేదు, ఆఫీసుకి పదిహేను నిమిషాల నడక.

కారుని అమ్మలేదు. అమ్మని ఆస్పత్రికి తీసుకుపోవాలన్నా, రాత్రి బాగా పొద్దుపోతుందని ముందే తెలిసినా మా ఆయన తోడుగా కారే. కానీ ఊళ్లో సందడి ఉన్న రోజు కారు తీయడం శిక్ష. గంగమ్మ జాతర వారం మా వీధి నుంచి మెయిన్ రోడ్డెక్కడానికే అరగంట. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు ఏ దారి ఎప్పుడు మూస్తారో తెలియదు. బస్సుకీ మళ్లింపులు తప్పవు గానీ, ఎటు తిప్పాలన్న తలనొప్పి డ్రైవరన్నది, నాది కాదు. గట్టి వాన పడితే రైల్వే అండర్‌బ్రిడ్జిల వైపు కారు పోనివ్వకండి. 2021 వానల్లో వెస్ట్ చర్చి దగ్గర అండర్‌బ్రిడ్జి నీళ్లలో బండి చిక్కుకుని ఒకామె చనిపోయింది, తిరుపతిలో ఎవరూ మర్చిపోలేదు. చిత్తూరు పక్కన ఇంకో సీజన్ ఉంది. జూన్, జూలైల్లో తోతాపురి కాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరతాయి. ఆ బారులు రోడ్డు మీదికి వచ్చాయంటే కారైనా బస్సైనా ఒకటే నడక.

రైలు కూడా ఒక నెల చూశాను. పాకాల మీదుగా చిత్తూరు, కాట్పాడి పోయే లైను. చార్జీ చాలా తక్కువ, కుదుపు లేదు. కానీ ఒకే లైను కాబట్టి ఎదురు బండి వస్తే ఆగాలి, నా ఆఫీసు వేళకి కుదరలేదు. తిరుపతి, పాకాల, కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల డబ్లింగుకి 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది, 1,332 కోట్ల పని. అది పూర్తయి పొద్దున ఎనిమిదింటికి ఒక బండి పడితే ఈ రాసిందంతా నేనే మార్చి రాస్తాను.

చిత్తూరుకి కొత్తగా వచ్చేవాళ్లకి ఇంకో సంగతి. సోమవారం పొద్దున, సెలవు మర్నాడు, నాన్‌స్టాప్‌కి క్యూ పొడుగ్గా ఉంటుంది, ఇరవై నిమిషాలు ముందు పొండి. టిఫిన్ డబ్బాలో తెచ్చుకోండి. చిల్లర పెట్టుకోండి. మెడకి ఒక చిన్న దిండు కొనుక్కోండి, నేను మూడేళ్ల తర్వాత కొన్నాను, మొదటిరోజే కొనుండాల్సింది.