టమాటలో వేరుముడి నులిపురుగు: కషాయమా, వేప పిండా, బంతా?

మదనపల్లె వైపు టమాట మీద టమాట వేసే రైతులు తరచూ అడిగేది ఒకటే: "నులిపురుగుకు ఏ ఆకు రసం పోయమంటారు?" ల్యాబ్‌లో గాజు పళ్లెంలో వేసి చూస్తే వేప, బంతి, జిల్లేడు, వెల్లుల్లి అన్నీ ఎంతో కొంత పనిచేసేవే. పొలానికొచ్చేసరికి లెక్క మారుతుంది.

కంటికి కనిపించనంత సన్నటి ఈ పురుగు పట్టిన వేరు మీద లేచే బుడిపెను గోటితో చీల్చి చూడండి. గుండుసూది తలంత తెల్లగా కనిపించేది తల్లి పురుగు. దాన్ని అంటుకుని జిగురు ముద్దలో వందల గుడ్లు. వేరులో దాగిన తల్లిని పైన పోసిన కషాయం ఏమీ చేయలేదు, జిగురులోని గుడ్లకూ సరిగ్గా అందదు. మనకు చిక్కేది గుడ్డు పగిలి, వేరు వెతుక్కుంటూ మట్టిలో తిరిగే పిల్లపురుగే. అవన్నీ ఒక్క రోజే బయటికి రావు. అందుకే మందు ఘాటు కంటే, లేత వేరు దగ్గర అది ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే నేను ముందు చూస్తాను.

వేప గింజల కషాయం ఇక్కడే వెనకబడుతుంది. 5 శాతం అంటే 100 లీటర్లకు 5 కిలోల పొడి. 90x60 సెం.మీ. దూరంలో నాటితే ఎకరాకు దాదాపు 7,500 మొక్కలు. మొక్కకు 200 మి.లీ. చొప్పున పోసినా 1,500 లీటర్ల కషాయం, 75 కిలోల పొడి కావాలి. అదీ ఒక్క విడతకే! వేపలో పురుగు మీద పనిచేసే అజాడిరాక్టిన్ మట్టిలో ఎక్కువ రోజులు ఉండదు కాబట్టి మళ్లీ పోయాల్సిందే. సరిగ్గా వడకట్టకుండా డ్రిప్‌లో వదిలారా, డ్రిప్పర్లు పూడుకుపోతాయి. నారుమడికో, పెరట్లో పది మొక్కలకో అయితే సరే.

నా ఓటు వేప పిండికే, అంటే గింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్కకే. ఎకరాకు 200 కిలోలు, నాటడానికి రెండు మూడు వారాల ముందు, పొలమంతా చల్లకుండా నాటే సాళ్లలోనే వేసి తడి ఇవ్వండి. అది మెల్లగా చివుకుతూ, మొక్క నిలదొక్కుకునే దాకా పనిచేస్తుంది, నత్రజని అదనం. నాటే రోజే వేస్తే మాత్రం లేత వేర్లు మాడతాయి. వాసన, చేదు లేని పిండి చవగ్గా వచ్చినా కొనకండి.

బంతి సంగతి వేరు. దాని బలం బతికున్న వేర్లలో ఉంది, ఆకులు నూరి పోస్తే ఆ గుణం రాదు. టమాట సాళ్ల మధ్య అక్కడక్కడా నాటితే ఫలితం అంతంతే. టమాటకు ముందు రెండు మూడు నెలలు పొలమంతా బంతే ఉండాలి. దసరా, దీపావళికి పూలు కోతకొచ్చేలా వేసుకుంటే ఆ కాలం వృథా కాదు. మధ్యలో కామంచి లాంటి కలుపును మాత్రం ఉండనివ్వకండి, పురుగు దాని వేర్లలో హాయిగా పెరుగుతుంది.

ఆముదం పిండీ పనిచేస్తుంది, పశువుల నోటికి అందకుండా చూసుకోవాలి. జిల్లేడు ఆకు దొరికితే దుక్కిలో కలపండి. ఉమ్మెత్త జోలికి నేను పోను.

ఇప్పటికే బుడిపెలు పట్టిన తోటను ఏ రసమూ బాగుచేయదు. ఆఖరి కోత అయ్యాక వేర్లను దున్నేయకుండా, పీకి ఎండబెట్టి కాల్చేయండి.