పాత మిద్దెను ఫ్లాట్లు చేసి బ్రోకర్ లేకుండా అమ్మాం: నాలుగేళ్ల తర్వాత చెబుతున్న మాట

కాచిగూడలో మా తాతగారు కట్టించిన మిద్దె ఇంటిని కూలగొట్టకుండా నాలుగు ఫ్లాట్లుగా మార్చాం. మూడు అమ్మేశాం, కింది భాగంలో ఒకదాంట్లో మేమే ఉంటున్నాం. అమ్మకాలన్నీ 2021లోనే, మధ్యలో బ్రోకర్ లేకుండా జరిగాయి. తెలిసినవాళ్లు ఎవరు వచ్చినా "కమీషన్ ఎంత మిగిలింది?" అనే అడుగుతారు. మిగిలిన మాట నిజమే, బ్రోకర్లు మమ్మల్ని అడిగింది రెండు శాతం. కాకపోతే అమ్మిన ఇంట్లోనే మనమూ కాపురం ఉంటే ఆ లెక్క అక్కడితో తెగదు. బ్రోకర్ కమీషన్ తీసుకుని తన దారిన తను పోతాడు. ఓనర్ ఎక్కడికి పోతాడు?

ముందు ఇంటి సంగతి. బిల్డర్లు వచ్చి "డెవలప్‌మెంట్‌కి ఇచ్చేయండి, సగం సగం" అన్నారు. మా వీధిలో పాత ఇళ్లు చాలావరకు అలాగే పోయాయి. మేం ఇవ్వకపోవడానికి సెంటిమెంట్ ఒక్కటే కారణం కాదు. స్ట్రక్చరల్ ఇంజనీర్ చూసి, గోడలకు ఢోకా లేదని రాసిచ్చాడు. ఒకటిన్నర అడుగు మందం గోడలు, గానుగ సున్నం, టేకు దూలాలు, కింద షాబాద్ బండలు. హెరిటేజ్ జాబితాలో మా ఇల్లు లేదు కాబట్టి ఆ గొడవా లేదు. అసలు కష్టమంతా బాత్‌రూములతో వచ్చింది. దూలాల మీద ఉన్న అంతస్తులో నీళ్లు పారించడమంటే చెదలకు విందు పెట్టడమే. అందుకే వెనక ఖాళీ జాగాలో కొత్తగా పిల్లర్లు లేపి, కిందా పైనా బాత్‌రూములు, వంటింటి సింకులు అన్నీ అటు తోశాం. పర్మిషన్, ప్లాన్, పని, అన్నింట్లోనూ ఎక్కువ ఖర్చు దీనికే. నాలుగేళ్లుగా ఒక్క దూలమూ తడవలేదు. పాత ఇంటిని మార్చాలనుకునేవాళ్లు డబ్బు పెట్టాల్సింది ఇక్కడే, ఫాల్స్ సీలింగుల మీద కాదు.

ఇక అమ్మకం. గేటుకి "ఫ్లాట్లు అమ్మబడును, బ్రోకర్లు ఫోన్ చేయవద్దు" అని బోర్డు పెట్టాం. ఫోన్ చేసింది ముప్పాతిక వంతు బ్రోకర్లే. "సార్, నేను బ్రోకర్‌ని కాదు, నా దగ్గర సీరియస్ పార్టీ ఉంది" అనేవాళ్లు. ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రకటనకూ అదే తంతు. నిజంగా కొన్నవాళ్లలో ఇద్దరు ఆ చుట్టుపక్కల అద్దెకుంటున్నవాళ్లు, ఒకరు మా వదిన స్కూల్లో పనిచేసే టీచరు. అంటే ప్రకటనల కంటే పాలవాడూ ఇస్త్రీ బండివాడూ చేసిన ప్రచారమే ఎక్కువ పనికొచ్చింది.

వచ్చినవాళ్లంతా ఫోన్లో దిక్సూచి తెరిచి నడిమింట్లో నిలబడతారు. తర్వాత టేపు తీస్తారు. ఒకాయన కిటికీ దగ్గర గోడ మందం కొలిచి, "అంటే ఈ గోడకీ ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) రేటు కట్టాలా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. ప్లింత్ ఏరియా లెక్కలో గోడలు కలుస్తాయి, కార్పెట్ ఏరియాలో బయటి గోడలు కలవవు. కొత్త అపార్ట్‌మెంట్లో ఆ తేడా కొంచెమే, ఒకటిన్నర అడుగు గోడల ఇంట్లో అది ఒక చిన్న గది అంత అవుతుంది. అందుకని ఎస్‌ఎఫ్‌టీ మాటే వదిలేసి, లోపలి కొలతలు, స్థలంలో అవిభాజ్య వాటా (విడగొట్టని ఉమ్మడి వాటా) ఎన్ని గజాలో కాగితం మీద రాసి, ఒక్కో ఫ్లాటుకి గుండుగుత్తగా ధర చెప్పాం. బేరమాడటం సగానికి సగం తగ్గింది.

రెరా (ఫ్లాట్లు కట్టి అమ్మే ప్రాజెక్టుల్ని నమోదు చేయించాలనే చట్టం) నంబర్ ఏదని దాదాపు అందరూ అడిగారు. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చట్టంలోనే ఉంది. నోటితో చెబితే ఎవరూ నమ్మలేదు. ఆ సెక్షన్ కాపీని లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే సర్టిఫికెట్), ఇంజనీర్ రిపోర్టు, పన్ను రసీదులతో కలిపి ఒక ఫైలులో పెట్టాం. ఫైలు చేతికిచ్చి చాయ్ తెచ్చేలోపు మొహాల్లో అనుమానం తగ్గేది. కొనేవాళ్ల లోన్ కోసం ఇంటి విలువ కట్టే బ్యాంకు వాల్యుయర్ మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. ఆయన మొదటి ప్రశ్న బిల్డింగ్ వయసెంత అని. ఒక బ్యాంకు లోన్ ఇవ్వనంది, ఇంకోటి ఇంజనీర్ రిపోర్టు చూసి ఇచ్చింది. ఆ మధ్య నెలలు మాత్రం మహా టెన్షన్, బయానా తీసుకుని కూర్చున్నాం మరి.

"వైట్ ఎంత, బ్లాక్ ఎంత?" అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవాడికే అంత మొత్తం పెనాల్టీ పడుతుంది. మేం మొత్తం చెక్కులూ బ్యాంకు బదిలీలే అన్నాం. దాంతో కొందరు మళ్లీ ఫోన్ ఎత్తలేదు, మంచిదే అయింది. చివరి ఫ్లాటు దగ్గర ఇంకో తలనొప్పి. 2021 జూలై 22 నుంచి తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగాయి. 60 లక్షల మీద ఆ పెరిగిన ఒకటిన్నర శాతమే 90 వేలు. మాట అనుకున్నది అంతకు ముందే కాబట్టి తేడా మీరే భరించాలని కొన్నాయన పట్టుబట్టాడు. చివరికి చెరి సగం.

బ్రోకర్ లేకపోతే కాగితాల చదువు కూడా ఓనరే చెప్పాలి. 50 లక్షలు, ఆపైన ధర అయితే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (ధరలోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాలి, అప్పట్లో దానికి అమ్మేవాళ్లు ఎంతమంది ఉంటే అన్ని 26క్యూబీ ఫారాలు. నాకూ అక్కకూ అవి మా అమ్మాయే కొన్నవాళ్ల పక్కన కూర్చుని నింపింది. తమ్ముడు అమెరికాలో ఉంటాడు. ఎన్నారై వాటాకి ఆ ఒక శాతం వర్తించదు, అప్పటి సెక్షన్ 195 కింద చాలా ఎక్కువ పట్టాల్సి వచ్చేది. అప్పటి రూలు ప్రకారం కొనేవాళ్లు టాన్ (టీడీఎస్ పట్టి కట్టేవాళ్లకిచ్చే) నంబర్ కూడా తీసుకోవాలి. తక్కువ పట్టుకునేలా ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకునేదాకా తమ్ముడి వాటా కదల్లేదు. ఇంట్లో ఎన్నారై వాటాదారు ఉంటే బోర్డు పెట్టడానికి ముందే ఆ దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు ఉంటున్న అనుభవం. ఎండాకాలం మధ్యాహ్నం దాకా కింది గదుల్లో ఫ్యాన్ చాలు. చప్పుడు మాత్రం దాగదు, పైవాళ్లు రోట్లో పచ్చడి నూరితే మాకు కారం ఎంతో తెలిసిపోతుంది. పైన ఒక ఫ్లాటువాళ్లు సున్నం గోడకి సిమెంట్ పూత వేయించారు. రెండో వానాకాలానికి ఉప్పు పేరుకుని పెచ్చులు ఊడాయి. లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోతే అంతే. "అంకుల్, మీరు అమ్మిన గోడ ఇలా అయింది" అంటూ ఆ పెచ్చు ఒకటి అరచేతిలో పెట్టుకుని మా తలుపు కొట్టారు. సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతికి తెచ్చింది నేనే, డబ్బు వాళ్లు పెట్టుకున్నారు. మోటార్ కాలినా, టెర్రస్ మీద ఎవరో షెడ్డు వేయబోయినా పంచాయితీ మా హాల్లోనే. అసోసియేషన్ ఉంది, ప్రెసిడెంటు వేరే ఆయన. అయినా అందరి నోటా నేనే "ఓనర్ గారు".

ఫ్లాట్లుగా మార్చడం మాత్రం పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేసింది. మళ్లీ అడిగినా అదే చేస్తాను. బ్రోకర్ విషయంలో అందరూ చెప్పేదానికి నాది ఉల్టా సలహా. అమ్మేసి వేరే పేటకి వెళ్లిపోయేవాళ్లయితే శుభ్రంగా సొంతంగా అమ్ముకోండి. అదే ఇంట్లో ఉండబోయేవాళ్లయితే ఆ రెండు శాతం ఇచ్చి, బేరం మాటలూ చిన్న చిన్న హామీలూ బ్రోకర్ల నోటి మీదుగా నడవనివ్వండి. మా వెనక గల్లీలో ఇలాంటి మిద్దె ఉన్న కుర్రాడు మొన్న వచ్చి అడిగితే ఇదే చెప్పాను. ముందు మాత్రం వెనక వైపు బాత్‌రూములకి జాగా ఉందో లేదో టేపు పెట్టి చూసుకు రమ్మన్నాను.