ఎక్స్‌బాక్స్ 360కి "హెచ్‌డీ డ్రైవ్" అని అమ్ముతున్నారు, కొనే ముందు డిస్కు ఏ వైపు పెట్టి ఆడించేడో చూడండి

అందరికీ నమస్కారం, మాది పర్లాకిమిడి. బరంపురం, గునుపురం, రాయగడ, జయపురం సైడు ఉన్నోళ్ళు ఎవరైనా సెకండ్‌హ్యాండు గేమింగు సామాన్లు కొందామనుకుంటే ఇది కాస్త ఓపిక చేసుకుని చదవండి. పెద్దగా ఉంటాది, ఏటనుకోకండి, 3,200 రూపాయలు పోయిన మనిషిని.

మా బావ పదేళ్ళు సూరత్‌లో మిల్లులో చేసి వచ్చేసేడు, వస్తూ వస్తూ అక్కడెవరి దగ్గరో కొన్న ఎక్స్‌బాక్స్ 360 (టీవీకి తగిలించి గేమ్స్ ఆడుకునే పెట్టె, కన్సోల్ అంటారు) తెచ్చేడు, తెల్ల రంగుది, బాగా పాతది, హెచ్‌డీఎంఐ పిన్ను కూడా లేదు దానికి. మేనల్లుడికి అదే లోకం. పాత గేమ్ డిస్కులు ఓ పది ఉన్నాయి. మొన్న దసరా ముందు దాని డిస్కు పెట్టే ట్రే మొరాయించింది. బటన్ నొక్కితే లోపల గుర్రుమంటాది గానీ బయటికి రాదు. గుంటడు రోజూ మావయ్యా మావయ్యా అని నా చుట్టూ తిరుగుతున్నాడు, సరే బరంపురం ఎలాగూ పనుంది కదా అని పొద్దున్నే బస్సెక్కేను.

షాపు పేరు చెప్పను. పాత కంప్యూటర్లు, టీవీలు, ఫోన్లు అన్నీ ఉంటాయి. ఓనరు ఒరియా, తెలుగు రెండూ కలిపి కొడతాడు, మనలాగే. కన్సోల్ ఫొటో ఫోన్‌లో చూపించి ట్రే రావట్లేదు బాబూ అన్నాను. చూసేడు, లోపలికెళ్ళి లావుపాటి డిక్షనరీ అంత తెల్ల పెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టేడు. ఎక్స్‌బాక్స్ అని గుర్తు కూడా ఉంది దాని మీద, ఒరిజినలే, అందులో డౌటు లేదు. "ఇది దానికే అన్నా, బయట పెట్టుకునే డ్రైవు. లోపలది పాడైతే పోనీ, దీన్ని యూఎస్‌బీకి గుచ్చితే చాలు" అన్నాడు. గేమ్స్ ఆడుద్దా అంటే "సబు హెబ భాయి" (అన్నీ అవుతాయి భాయి). సినిమాలో? "సబు హెబ". బ్లూరే (డీవీడీ కంటే బొమ్మ స్పష్టంగా ఉండే సినిమా డిస్కు)? "అదే కదా హెచ్‌డీ అంటే". ఆ నోటికి ఏదడిగినా అదే మాట, అక్కడే నాకు అనుమానం రావాల్సింది, రాలేదు.

పైగా ఆడించి చూపించేడు. పక్కన ఇంకో 360 పెట్టి, చిన్న టీవీకి పసుపు-ఎరుపు-తెలుపు మూడు పిన్నుల తీగ గుచ్చి, ఆ పెట్టెలో ఇంగ్లీషు సినిమా డిస్కు ఒకటి పెట్టేడు. డిస్కు అట్ట మీద పెద్దక్షరాల్లో హెచ్‌డీ డీవీడీ అని ఉంది. బొమ్మ వచ్చింది, సౌండ్ వచ్చింది. ఇంకేటి కావాలి మనకి? 4,500 చెప్పేడు, గీచి గీచి 3,200కి దింపేను, నాలుగు డిస్కులు ఫ్రీ. గెలిచేననుకుని బస్సులో నిద్ర కూడా బాగా పట్టింది.

ఇంటికొచ్చేక కథ. గేమ్ డిస్కు పెడితే కన్సోల్ దాన్ని గేమ్ అనే గుర్తించలేదు. తీసి పెట్టి, తుడిచి పెట్టి, తిప్పి పెట్టి, ఏటీ లేదు. సరేలే సినిమా అయినా చూద్దామని ఫ్రీగా ఇచ్చిన నాలుగింట్లో రెండు పెడితే అవీ లేవు. ఆ నాలుగింట్లోనే ఉన్న షాపులో ఆడిన డిస్కు పెడితే ఒకసారి ఆడింది, ఇంకోసారి ఆడలేదు. మేనల్లుడే కనిపెట్టేడు చివరికి, "మావయ్యా, ఇది రెండు వైపులా మెరుస్తోంది, బొమ్మే లేదు దీని మీద" అని. నిజమే, ఒక వైపు పెడితే ఆడుతోంది, తిప్పి పెడితే ఆడట్లేదు.

విశాఖలో నాకు తెలిసినాయన ఒకరున్నారు, ఇలాంటి పాత డిస్కులు, ప్లేయర్లు పోగుచేసే పిచ్చి ఆయనకి. వీడియో కాల్‌లో పెట్టె చూపించగానే ఆయన నవ్వేరు. తర్వాత ఆదివారం పట్టుకుని వెళ్ళేను. ఆయన చెప్పిందంతా నాకర్థమైనంత వరకూ రాస్తున్నాను, ఇదే అసలు విషయం.

ఈ పెట్టె 2006 నవంబరులో అమెరికాలో 199 డాలర్లకి వచ్చింది. అది గేమ్స్ కోసం కాదు, మొదట్నుంచీ కాదు. సినిమాల కోసం. అప్పట్లో డీవీడీ తర్వాత ఏది వస్తుందా అని రెండు పార్టీలు కొట్టుకునేవి, ఒక పక్క తోషిబా వాళ్ళ హెచ్‌డీ డీవీడీ, ఇంకో పక్క సోనీ వాళ్ళున్న బ్లూరే. సోనీ వాళ్ళ కన్సోల్ పీఎస్3లో బ్లూరే లోపలే పెట్టేసేరు. ఎక్స్‌బాక్స్ 360 లోపల మాత్రం మామూలు డీవీడీ డ్రైవే, దాని డిస్కు గేమ్స్ అన్నీ డీవీడీ మీదే వచ్చేయి, హెచ్‌డీ సినిమా కావాలన్నోడు ఈ పెట్టె వేరేగా కొనుక్కోవాలి. 2008 జనవరి 4న సినిమా కంపెనీ వార్నర్ వాళ్ళు ఇంక బ్లూరేనే అని చెప్పేసేరు, ఫిబ్రవరి 19కి తోషిబా చేతులెత్తేసింది, అదే వారంలో ఈ పెట్టె తయారీ కూడా ఆపేసేరు, మిగిలిన సరుకు అక్కడ 50 డాలర్లకి వదిలించుకున్నారు. అంటే నేను బేరమాడి గెలిచేననుకున్నది ఎప్పుడో 2008లో చచ్చిపోయిన సామాను. దానికి కొత్త డిస్కులు రావు. అమెరికా సినిమాలే గానీ తెలుగు సినిమా ఒక్కటి కూడా ఆ అట్టతో నా కంటపడలేదు. మన బజార్లలో పాత డీవీడీల మీద "హెచ్‌డీ డీవీడీ" అని రంగురంగులుగా వేసేవోళ్ళే, గుర్తుందా, అది ఒట్టి మామూలు డీవీడీ, దానికీ దీనికీ సంబంధం లేదు, చాలామంది అక్కడే పడిపోతారు.

బ్లూరే ఎందుకు ఆడదు అని కూడా అడిగేను, రెండూ నీలం లేజరే అంటున్నారు కదా అని. నీలం లేజరే, 405 నానోమీటర్లు, రెండింటికీ ఒకటే. కానీ డేటా ఉండే పొర లోతు వేరు. హెచ్‌డీ డీవీడీలో డీవీడీలాగే ప్లాస్టిక్ కింద 0.6 మిల్లీమీటర్ల లోతులో ఉంటాది, బ్లూరేలో 0.1 మిల్లీమీటరే, ఇంచుమించు పైనే. లెన్సు కూడా వేరు. అందుకే ఇది బ్లూరే చదవదు, మామూలు బ్లూరే ప్లేయరు ఈ డిస్కులు చదవదు. ఏ సాఫ్ట్‌వేర్ వేసినా అంతే. ఎవరైనా "అప్‌డేట్ చేస్తే బ్లూరే కూడా వస్తాది" అంటే అక్కడినుంచి లేచి వచ్చీండి.

ఇప్పుడు నన్ను ముంచిన అసలు కిటుకు. ఆ రోజుల్లో కాంబో డిస్కులని వచ్చేవట, ఒక వైపు హెచ్‌డీ డీవీడీ, రెండో వైపు మామూలు డీవీడీ. పెట్టె కొనలేనోడు కూడా డిస్కు కొనుక్కుంటాడని. ఈ పెట్టెలో మామూలు డీవీడీ కూడా ఆడుద్ది, దానికి ఎర్ర లేజరు వేరే ఉంటాది, 650 నానోమీటర్లది. నా దాంట్లో ఎర్రది బాగుంది, నీలంది చచ్చింది. షాపువాడు కాంబో డిస్కుని డీవీడీ వైపు పెట్టి ఆడించేడు. అట్ట మీద హెచ్‌డీ డీవీడీ అని ఉంది కదా, నాకేం తెలుస్తాది. అందులోనూ ఆ మూడు పిన్నుల తీగలో హెచ్‌డీ రానే రాదు, ఏది పెట్టినా మామూలు బొమ్మే. అంటే ఆ టీవీ మీద తేడా కనిపెట్టడం ఆ బ్రహ్మకి కూడా సాధ్యం కాదు. వాడికి తెలిసే చేసేడా, వాడికీ తెలీదా అంటే చెప్పలేను. విశాఖ ఆయన నా డిస్కులు ఆయన దగ్గరున్న ఇలాంటి డ్రైవ్‌లోనే పెడితే నాలుగూ శుభ్రంగా ఆడేయి. కాబట్టి డిస్కుల్లో లోపం లేదు, నా పెట్టెలోనే. (ఇది నా అదృష్టం అన్నారాయన, ఈ పాత డిస్కుల్లో కొన్ని అలా ఉండగానే లోపల పాడైపోతాయట, గీత కూడా పడకుండా.)

మళ్ళీ బరంపురం వెళ్ళేను. "చూసే కదా తీసుకున్నావన్నా" అన్నాడు. ఏ వైపు చూపించేవు అంటే "డిస్కుకి వైపులేటి, గ్రామఫోను ప్లేటా" అని నవ్వేడు. పక్కనున్నోళ్ళు కూడా నవ్వేరు. ఒళ్ళు మండిపోయింది. బిల్లు తీసి చూస్తే అందులో రాసింది "ఎలక్ట్రానిక్ ఐటం 1" అని, సీరియల్ నంబరు లేదు, మోడల్ లేదు, ఏం ఆడుద్దో ఏం ఆడదో లేదు. ఆ కాగితం పట్టుకుని కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేద్దామని ఫోన్ తీసేను గానీ ఏ సామాను అని చెప్తాను, ఏం చెప్పి అమ్మేడని రుజువు చూపిస్తాను? పెట్టేసేను. నా తప్పే అది. ఏది కొన్నా బిల్లు మీద సామాను పేరు, నంబరు, "గేమ్స్ ఆడును" అన్న మాట రాయించుకోండి, రాయనంటే అక్కడే తెలిసిపోతాది.

అసలు దేనికోసం వెళ్ళేనో ఆ విషయం. ఎక్స్‌బాక్స్ 360లో గేమ్ లోపలి డ్రైవు నుంచే చదువుద్ది, బయట పెట్టిన ఏ డ్రైవు నుంచీ గేమ్ డిస్కు ఆడదు. లోపలి డ్రైవుకీ ఆ కన్సోల్ బోర్డుకీ ఒక తాళం ఉంటాది, ఒకదానికొకటి కట్టేసినట్టు. ఇంకో కన్సోల్‌లోది ఊడదీసి పెట్టినా కూడా ఊరికే ఆడదు, మీ పాత డ్రైవు తాలూకు బోర్డు మార్చి పెట్టాలి, అది కూడా అదే రకం డ్రైవై ఉండాలి. కాబట్టి "వేరే డ్రైవు వేసిస్తాను" అని ఎవరైనా మీ పాతది ఉంచేసుకుంటే ఇవ్వకండి. ఆ పాత బోర్డు పోతే డిస్కు గేమ్స్ పోయినట్టే.

మరి ట్రే సంగతేటయింది అంటారా. మా ఊళ్ళో మిక్సీలు, టేపురికార్డర్లు బాగుచేసే తాత ఉన్నాడు. నవ్వుతూనే విప్పేడు. ట్రేని లాగే చిన్న రబ్బరు బెల్టు ఉంటాది లోపల, సాగిపోయి జారుతోంది. పాత టేపురికార్డరుది ఒకటి సైజు చూసి వేసేడు, నలభై రూపాయలు తీసుకున్నాడు, టీ కూడా తనే ఇప్పించేడు. ఈ 360లకి ట్రే ఇరుక్కోవడం మామూలు జబ్బేనట. మూడు వేల రెండొందలు ఎక్కడ, నలభై ఎక్కడ. అక్క ఇంకా ఆ మాట ఎత్తి తిడుతోంది.

ఇప్పటి కొత్త కన్సోళ్ళ వాళ్ళు కూడా నవ్వుకోకండి, మీకూ ఇదే ఉంది. పీఎస్5 స్లిమ్‌కి, ప్రోకి విడిగా తగిలించుకునే డిస్కు డ్రైవు దొరుకుద్ది కదా, అది మొదట వచ్చిన లావు పీఎస్5 డిజిటల్‌కి (డిస్కు పెట్టే చోటు లేనిది) పట్టదు. పట్టే దానికైనా మొదటిసారి తగిలించినప్పుడు ఇంటర్నెట్ ఉండాలి, కన్సోల్‌తో జత చేసుకోవాలి. మన సైడు నెట్ సంగతి తెలుసు కదా, షాపులో ఆన్ చేయించుకునే తెచ్చుకోండి. డిస్కు పెట్టే చోటే లేని ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కి అయితే బయట డిస్కు డ్రైవు అన్నదే లేదు, యూఎస్‌బీకి ఏ డ్రైవు గుచ్చినా గేమ్ డిస్కు ఆడదు. "సిరీస్ ఎస్‌కి పనికొస్తాది" అని ఎవడైనా డ్రైవు చూపిస్తే నా పెట్టె గుర్తు తెచ్చుకోండి. పీఎస్4 ప్రోలో 4కే బ్లూరే (మామూలు బ్లూరే కంటే ఇంకా స్పష్టమైనది) ఆడుద్దని చెప్పేవోళ్ళూ ఉన్నారు, మామూలు బ్లూరే ఆడుద్ది గానీ 4కే డిస్కు ఆడదు. 4కే డిస్కులు కావాలంటే డిస్కు ఉన్న పీఎస్5, లేదంటే ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ నుంచి పైవాటిలో డిస్కు డ్రైవు ఉన్నవి.

ఇంత చెప్పినా సరే ఆ పాత హెచ్‌డీ డీవీడీ పెట్టె మీద మోజుండి కొంటానంటారా, కొనుక్కోండి, పోగుచేసేవోళ్ళకి అది ముచ్చటే. కానీ ఒక వైపు బొమ్మ అచ్చేసి ఉన్న డిస్కే పెట్టించండి, రెండు వైపులా మెరిసేది వద్దు. పెట్టెకి సొంత కరెంటు అడాప్టర్ ఉంటాది, యూఎస్‌బీ తీగ ఒక్కదానితో నడవదు, ఆ అడాప్టర్ ఇస్తున్నాడో లేదో చూడండి. అప్పట్లో దాంతో ఒక సెటప్ డిస్కు కూడా వచ్చేది, అది ఉందా అని అడగండి. నాకు ఇవ్వలేదు, ఏంటది అని నన్నే ఎదురడిగేడు.

నా పెట్టె ఇప్పుడు లాప్‌టాప్‌కి తగిలించేను. మామూలు డీవీడీలు చదువుతోంది, అక్క పెళ్ళి డిస్కు పెడితే ఆడింది, అందులో బావ మీసాలు చూసి అందరూ ఒకటే నవ్వు. ఎవరికైనా అమ్మీ అంటున్నాడు బావ. అమ్మితే "హెచ్‌డీ ఆడదు, గేమ్ ఆడదు" అని అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాసే అమ్ముతాను, ఐదొందలు వచ్చినా చాలు.

మొన్న రెండోసారి వెళ్ళినప్పుడు అదే షాపులో బీరువా పైన ఇలాంటి తెల్ల పెట్టెలు ఇంకో రెండు ఉన్నాయి, వాటి మీద అలాంటి కాంబో డిస్కే ఇంకోటి పెట్టి ఉంది.